ఎండాకాలంలో ట్రాంపొలీన్ మీద స్కీ ట్రిక్స్: పాప బ్యాక్‌ఫ్లిప్ నేర్చుకుంటానంటోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

తెనాలి_టు_డెన్వర్

అందరికీ నమస్తే అండీ. మేం డెన్వర్ పక్కన సబర్బ్‌లో ఉంటాం, పాపకి 13 ఏళ్ళు. చిన్నప్పుడు ఫ్రెండ్స్ ఫ్యామిలీతో కలిసి ఒకసారి స్కీయింగ్‌కి తీసుకెళ్ళాం, అంతే, ఇంక అదే లోకం. మా ఆయనా నేనూ ఇప్పటికీ గ్రీన్ రన్స్ (అన్నిటికంటే తేలికైన వాలులు) దగ్గరే ఉన్నాం, తను మాత్రం టెర్రెయిన్ పార్క్‌లో (జంప్స్ కట్టి ఉంచే చోటు) తప్ప వేరే చోట కనపడదు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఐలీన్ గూ బిగ్ ఎయిర్ (ఒక్క పెద్ద జంప్ మీద ట్రిక్ వేసే పోటీ) ఫైనల్ ఆఖరి రన్‌లో తను అప్పటిదాకా పోటీలో ఎప్పుడూ వేయని 1620 (గాల్లో నాలుగున్నర చుట్లు) వేసి గోల్డ్ కొట్టింది కదా, ఆ వీడియో మా ఇంట్లో ఎన్నిసార్లు ఆడిందో లెక్కలేదు. ఈ సీజన్‌లో పాప చిన్న జంప్స్ మీద 360 (ఒక పూర్తి చుట్టు) సేఫ్టీ గ్రాబ్‌తో, అంటే గాల్లో స్కీని చేత్తో పట్టుకుని, బాగానే దింపుతోంది, మీడియం మీద పదిసార్లకి ఆరేడు సార్లు వస్తుంది.

ఏప్రిల్‌తో సీజన్ అయిపోయింది. పక్కింటివాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్ళ 14 అడుగుల గుండ్రటి ట్రాంపొలీన్ మాకిచ్చి వెళ్ళారు, వల ఉంది, స్ప్రింగ్స్ మీద ప్యాడ్స్ కూడా ఉన్నాయి. ఇంక స్కూల్ నుంచి రాగానే దాని మీదే. మొన్న నేను వంటింట్లో తాలింపు వేస్తూ కిటికీలోంచి చూస్తే పాప తలకిందులుగా ఉంది గాల్లో! బ్యాక్‌ఫ్లిప్ అంట. సగం తిరిగి మోకాళ్ళ మీద పడింది, గడ్డం మోకాలికి కొట్టుకుని పెదవి చిట్లింది. స్టవ్ ఆపడం కూడా మర్చిపోయి పరిగెత్తాను. తను ఏడవలేదు, "ఇంకొంచెం హైట్ ఉంటే వచ్చేది మమ్మీ" అంది. మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఆవిడ అప్పటినుంచీ ఆ ట్రాంపొలీన్ తీసి పారేయమంటున్నారు.

నాకు తీసేయాలని లేదండీ. ఆ పిల్లకి ఇదంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు, వద్దంటే ఫ్రెండ్స్ ఇంటికెళ్ళి నాకు తెలీకుండా చేస్తుంది, అది ఇంకా భయం. కానీ గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు వదిలేయలేను కదా. ఇక్కడ ఫ్రీస్టైల్ స్కీయింగ్ చేసేవాళ్ళు, పిల్లల్ని చేయించేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి: అసలు ట్రాంపొలీన్ మీద చేసింది మంచు మీద పనికొస్తుందా? ఇంట్లో ఏం చేయనివ్వొచ్చు, ఏం చేయనివ్వకూడదు? ట్రాంపొలీన్ కోసం పొట్టి స్కీలు అమ్ముతున్నారు, అవి కొనాలా?

బెజవాడ_జిమ్నాస్ట్

నమస్తే అక్కా. స్కూల్ రోజుల్లో విజయవాడలో జిమ్నాస్టిక్స్ చేశాను, ఎమ్మెస్‌కి యూటా వచ్చాక 26 ఏళ్ళకి స్కీయింగ్ మొదలుపెట్టాను, ఇప్పుడు వీకెండ్స్‌లో పిల్లల ట్రాంపొలీన్ క్లాసులకి సాయం చేస్తుంటాను. కాబట్టి నీ పోస్ట్ చూసి ఊరుకోలేకపోయాను, పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు నీ మొదటి ప్రశ్న. పనికొస్తుంది, చాలా పనికొస్తుంది, కానీ ఏది వస్తుందో ఏది రాదో పాపకి ముందే అర్థమవ్వాలి. స్కీ జంప్‌లో లిప్ (జంప్ చివరి అంచు) మీద నుంచి లేవడం, గాల్లో ఉండడం, దిగడం మూడూ ఉంటాయి కదా, ట్రాంపొలీన్ నీకు మధ్యలోది మాత్రమే నేర్పుతుంది. గాల్లో నేనెక్కడున్నాను, నేల ఎటుంది, ఇంకెంత తిరగాలి అనే తెలివి, దాన్నే కోచ్‌లు ఎయిర్ అవేర్‌నెస్ అంటారు. మంచు మీద ఒక రోజంతా లిఫ్ట్ ఎక్కి దిగితే ఎన్ని జంప్స్ వస్తాయి, మహా అయితే ముప్పై నలభై, ఒక్కోదాంట్లో గాల్లో ఉండేది సెకనో సెకనున్నరో. ట్రాంపొలీన్ మీద అరగంటలో అంతకు రెండింతలు గాల్లో ఉంటుంది. అందుకే పెద్ద పెద్దవాళ్ళందరూ ఎండాకాలం దాని మీదే ఉంటారు.

ఇంక రానివి. ట్రాంపొలీన్ మీద నిలబడ్డ చోటే పైకి లేస్తాం, మ్యాట్ మనల్ని తోస్తుంది, ఈసారి సరిగా లేవలేదనుకుంటే ఇంకో బౌన్స్ తీసుకుని అప్పుడు ట్రిక్ వేస్తాం. మంచు మీద ముందుకి స్పీడ్‌గా పోతూ వంపు తిరిగిన లిప్ ఎక్కుతాం, పాప్ ఇవ్వడానికి, అంటే కాళ్ళతో తోసి పైకి లేవడానికి, ఒకే ఒక్క క్షణం, రెండో ఛాన్స్ లేదు. ఆ వంపే మనల్ని కొంచెం వెనక్కి తిప్పుతుంది కూడా, అందుకని ట్రాంపొలీన్ మీద విసిరినంత గట్టిగా అక్కడ బ్యాక్‌ఫ్లిప్ విసిరితే ఎక్కువ తిరిగిపోయి వీపు మీద పడే పిల్లల్ని నేను చూశాను. పైగా కాళ్ళకి స్కీలూ బూట్లూ కలిపితే కిలోల కొద్దీ బరువు, ఉత్త కాళ్ళతో గిర్రున తిరిగిన స్పిన్ వాటితో బద్ధకంగా తిరుగుతుంది. ఇంకోటి, ట్రాంపొలీన్ మీద స్పిన్ మొదలుపెట్టేటప్పుడు పాదాలు మెలితిప్పేస్తారు, మంచు మీద అలా మెలిపెడితే స్కీ అంచు జారిపోతుంది, అక్కడ భుజాల నుంచీ అంచుల మీద నుంచీ రావాలి. ఇంట్లో పాదాలు తిప్పే అలవాటు పడిందంటే నవంబర్‌లో దాన్ని వదిలించడానికి నెల పడుతుంది.

ఇప్పుడు ఆ బ్యాక్‌ఫ్లిప్ సంగతి. పాప మోకాళ్ళ మీద పడిందంటే నేను చూడకుండానే చెప్తాను, మ్యాట్ వదలకముందే తల వెనక్కి విసిరింది. దాదాపు అందరూ చేసే తప్పే ఇది. తల ముందు పోతే ఎత్తు పోతుంది, ఒళ్ళు వెనక్కి జరుగుతుంది, తిరగడానికి టైం చాలదు. సెట్ అంటాం మేము, చేతులు చెవుల పక్కన నిటారుగా పైకి, చూపు ఎదురుగా, ఒళ్ళంతా కర్రలా, పూర్తిగా పైకి లేచాక అప్పుడు తుంటి పైకొచ్చి మోకాళ్ళు రావాలి. గాల్లోకి వెళ్ళాక కొత్తగా తిరుగుడు పుట్టించలేం అక్కా, మ్యాట్ వదిలేటప్పుడు ఎంత తీసుకున్నామో అంతే, తర్వాత ముడుచుకుంటే వేగంగా తిరుగుతాం, చాచుకుంటే నెమ్మదిస్తాం. పాప "ఇంకొంచెం హైట్ ఉంటే" అన్న మాట సగం నిజం. హైట్ తగ్గింది తల వల్ల.

కానీ ఇదంతా చెప్పింది అర్థం కావడానికే, ఇంట్లో మళ్ళీ ట్రై చేయమని కాదు. తలకిందులయ్యేది ఏదైనా సరే, కోచ్ ఉన్న చోట, ఫోమ్ పిట్ (స్పాంజి ముక్కలు నింపిన గుంత) ఉన్న చోట. ఇంట్లో పిల్లిమొగ్గలు వద్దు. ఇంట్లో ఏం చేయాలో పెద్ద లిస్టే ఉంది, అడిగితే రాస్తాను.

ఓరుగల్లు_పీటీ

అక్కా, నేను ఫిజికల్ థెరపిస్ట్‌ని, మాది వరంగల్, ఇప్పుడు మినియాపోలిస్‌ల ఉంటున్న. మా దగ్గరికి ట్రాంపొలీన్ కేసులు ఎండకాలం మొత్తం వస్తనే ఉంటయి, అందుకే చెప్తున్న, భయపెట్టడానికి కాదు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012ల ఇచ్చిన స్టేట్‌మెంట్ ఒకసారి చదువుండ్రి. ఇంట్ల ట్రాంపొలీన్ వద్దనే అంటరు వాళ్ళు. గాయాలల్ల దాదాపు నాలుగింట మూడు వంతులు ఒక్కదాని మీద ఒకేసారి ఇద్దరు ముగ్గురు ఎగిరినప్పుడు అయినయే, అండ్ల మళ్ళ దెబ్బ తగిలేది ఎక్కువ చిన్నపిల్లకే, ఎందుకంటే బరువున్నోళ్ళు దిగంగనే మ్యాట్ చిన్నోళ్ళని ఎత్తి పడేస్తది. మెడకి, వెన్నుకి పెద్ద దెబ్బలు తగిలేది మొగ్గలేస్తున్నప్పుడు. వల ఉంది కదా అని ధైర్యంగ ఉండకుండ్రి, చానా దెబ్బలు మ్యాట్ మీదనే తగుల్తయి, బయట పడి కాదు. కాబట్టి ఒక్కరే ఎగరాలె, పెద్దోళ్ళు ఒకరు దగ్గర ఉండాలె, మొగ్గలు లేవు. పాప ఫ్రెండ్స్ వచ్చినా ఇదే రూల్, ఆ పిల్లల అమ్మానాన్నలకి కూడ ముందే చెప్పుండ్రి.

ఇంకొక ముచ్చట, ఇది ఎవ్వరు చెప్పరు. 13 ఏళ్ళ ఆడపిల్ల అంటే సరిగ్గ ఎదిగే వయసు. టీనేజ్‌ల ఆడపిల్లలకి మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగే రిస్క్ మగపిల్లలకంటె ఎక్కువ, స్కీయింగ్‌లనైతే ఏసీఎల్ గురించి చెప్పేదే లేదు. ట్రాంపొలీన్ మీద దిగేటప్పుడు పాప మోకాళ్ళు రెండు ఒకదానివైపు ఒకటి లోపలికి పడుతున్నయా చూడుండ్రి, ముంగట నిలబడి ఫోన్‌ల స్లో మోషన్ తీస్తే మంచిగ కనిపిస్తది. పడుతుంటే ట్రిక్కులు పక్కకు పెట్టి రెండు నెలలు స్క్వాట్స్, ఒంటికాలి స్క్వాట్స్, చిన్న పెట్టె మీదికెళ్ళి మెత్తగ దుంకి దిగుడు, ఇవి చేపియ్యుండ్రి. మోకాలు పాదం మీదనే ఉండాలె, చప్పుడు రాకుండ దిగాలె. నా లెక్కల ఈ ఎండకాలం మీ పాపకి బ్యాక్‌ఫ్లిప్ కంటె గిదే ముఖ్యం.

సిన్సినాటి_రావు

అండీ, నేను స్కీయింగ్‌లో ఎక్స్‌పర్ట్‌ని కాదు, మా అబ్బాయి చేస్తాడు. మీకు కొలరాడోలో కొండలే కొండలు కాబట్టి ధైర్యం కోసం ఒక మాట. మా ఇంటికి దగ్గర్లోనే ఇండియానాలో లారెన్స్‌బర్గ్ అనే చిన్న ఊరుంది, అక్కడి పెర్ఫెక్ట్ నార్త్ అనే గుట్ట నిలువు ఎత్తు 400 అడుగులు ఉంటుందేమో, మీవాళ్ళు దాన్ని కొండ అని కూడా అనరు. ఆ ఊరి కుర్రాడు నిక్ గోపర్ 2014 సోచీ ఒలింపిక్స్‌లో స్లోప్‌స్టైల్ (వరసగా జంప్స్, పట్టాల మీద ట్రిక్స్ వేసే పోటీ) బ్రాంజ్, 2018లో సిల్వర్, 2022లో మళ్ళీ సిల్వర్ తెచ్చాడు. సోచీలో అయితే మూడు మెడల్స్ అమెరికా కుర్రాళ్ళకే, క్రిస్టెన్‌సెన్, కెన్‌వర్తీ, ఇతను. అంటే చిన్న జంప్ మీద చిన్న పనిని వేలసార్లు చేసినవాడికే వస్తుంది, పెద్ద జంప్ కోసం పరిగెత్తినవాడికి కాదు అని మావాడికి చెప్తుంటాను.

ఇంకోటి అడగాలి, మీ హోమ్ ఇన్సూరెన్స్‌వాళ్ళకి ట్రాంపొలీన్ ఉందని చెప్పారా? కొన్ని పాలసీల్లో అసలు కవరేజ్ ఉండదు, కొన్నిట్లో వల ఉండాలి అని కండిషన్ ఉంటుంది. పక్కింటి పిల్లకి మీ పెరట్లో ఏదైనా అయితే అప్పుడు చూసుకుంటే లాభం లేదు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) రూల్స్ కూడా చూసుకోండి. డెన్వర్ గాలులకి దాన్ని నేలకి యాంకర్లతో బిగించకపోతే పక్క వీధిలో వెతుక్కోవాలి.

తెనాలి_టు_డెన్వర్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండీ. ఇన్సూరెన్స్ సంగతి నాకు తట్టనే లేదు, సోమవారం ఫోన్ చేస్తాను. యాంకర్లు మా ఆయన నిన్నే తెచ్చారు.

పీటీ చెల్లెమ్మా, నువ్వు చెప్పినట్టు స్లో మోషన్ తీశాను. కుడి మోకాలు లోపలికి పడుతోంది, ఎడమది బానే ఉంది. చూసి నాకు గుండె జారింది, కానీ పాప ఆ వీడియో తనే నాలుగుసార్లు చూసుకుని "ఓ, అందుకేనా కుడి వైపు ల్యాండింగ్ ఎప్పుడూ వంకరగా వస్తుంది" అంది. నేను చెప్తే వినేది కాదు.

తమ్ముడూ, ఆ లిస్ట్ రాయి ప్లీజ్. ఒక్క మాట, "ఇంట్లో ఫ్లిప్ వద్దు" అన్నాక తనకి బోర్ కొట్టకుండా ఉండేలా ఏమైనా ఉందా? లేకపోతే నాలుగు రోజులు విని ఐదో రోజు మళ్ళీ అదే చేస్తుంది.

బెజవాడ_జిమ్నాస్ట్

రాస్తా అక్కా. ముందు మ్యాట్ మధ్యలో టేప్‌తో ఒక ప్లస్ గుర్తు వేయండి. పది బౌన్స్‌లు, పదీ ఆ గుర్తు మీదే దిగాలి, పదకొండోది దిగగానే మోకాళ్ళు మడిచి మ్యాట్‌ని చంపేయాలి, అంటే ఇంక ఎగరకుండా అక్కడికక్కడే ఆగిపోవాలి. చదవడానికి ఇంతేనా అనిపిస్తుంది, చేయమను చూద్దాం. మా క్లాసుకి మొదటిసారి వచ్చే పిల్లల్లో నూటికి తొంభై మందికి రాదు, అందులో బ్యాక్‌ఫ్లిప్ వచ్చినవాళ్ళు కూడా ఉంటారు. ఏదైనా తేడా వచ్చినప్పుడు పిల్లని కాపాడేది ఆ ఆగడమే.

అది వచ్చాక గాల్లో ఆకారాలు, ముడుచుకోవడం, కాళ్ళు చాపడం, నిటారుగా ఉండడం. తర్వాత 180 రెండు వైపులా, 360 రెండు వైపులా. రెండు వైపులా అని రెండుసార్లు రాస్తున్నానంటే అర్థం చేసుకో, ఇక్కడే మీ పాపకి బోర్ కొట్టకుండా ఉండే పనంతా ఉంది. ప్రతి ఒక్కరికీ ఒక సహజమైన వైపు ఉంటుంది, రెండో వైపు తిరిగితే ఒళ్ళు మనది కాదన్నట్టు ఉంటుంది. స్లోప్‌స్టైల్‌లో జడ్జిలు ఎడమ, కుడి, స్విచ్‌లో (వెనక్కి తిరిగి జారుతూ) ఎడమ, స్విచ్‌లో కుడి అని నాలుగు దిక్కులా తిరిగే వాళ్ళకి విలువిస్తారు. పాపకి ఇష్టమైన ఐలీన్ గూ ఆ రోజు వేసింది ఎడమ వైపు 1620 అని గుర్తుచెయ్యి. ఈ ఎండాకాలం రాని వైపు 360ని, వచ్చే వైపు దానిలాగా చేసి చూపించు అని చెప్పు, ఒక్కటే పందెం, రెండు నెలలు పడుతుంది, ఒక్క మొగ్గ కూడా అక్కర్లేదు.

గ్రాబ్స్ ఉన్నాయి. సేఫ్టీ తనకి వచ్చు కాబట్టి మ్యూట్ మీద పనిచేయొచ్చు, ఎదురు కాలి స్కీని ముందు వైపు పట్టుకోవడం. రహస్యం ఏంటంటే చెయ్యి కిందికి పోకూడదు, మోకాళ్ళు పైకి రావాలి. చెయ్యి కోసం నడుం వంచారంటే గాల్లో బ్యాలెన్స్ పోయినట్టే. మ్యాట్ మీద ఉత్త కాళ్ళతో పాదం పక్కన తాకి రెండు లెక్కపెట్టి వదలమను. చాలామంది పిల్లలు తాకీ తాకకుండా వదిలేస్తారు, మంచు మీద అది గ్రాబ్ కాదు.

తర్వాత సీట్ డ్రాప్, బ్యాక్ డ్రాప్. కూర్చున్నట్టు లేదా వీపు మీద పడి మళ్ళీ నిలబడడం. గడ్డం ఛాతీకి అంటుకుని ఉండాలి, చేతులు వెనక ఆనించకూడదు, మణికట్టు పోతుంది. బ్యాక్ డ్రాప్ కూడా మొదటి రోజు కోచ్ దగ్గరే చేయించి తర్వాత ఇంట్లో చేయించు. ఇది ఫ్లిప్‌కి తలుపు లాంటిది, పాపకి తాను అటే వెళ్తున్నట్టు తెలుస్తుంది, అందుకే వింటుంది.

పొట్టి స్కీల గురించి అడిగావు. ఇప్పుడే వద్దు. మెత్తటి అంచులుండి, షూకి పట్టీలతో కట్టుకునేవి మంచివే, గ్రాబ్స్ నేర్చుకోవడానికీ, కాళ్ళు విడివిడిగా ఉంచే అలవాటుకీ పనికొస్తాయి, కానీ పైన చెప్పినవన్నీ అవి లేకుండా వచ్చాక. చెక్కతో ఇంట్లో చేసుకున్నవి, పాత స్కీలు కోసినవి మాత్రం అసలు వద్దు, మ్యాట్ కోస్తాయి, కాలికి తగిలితే ఎముక విరగొచ్చు. అసలు స్కీ బూట్లతో ట్రాంపొలీన్ ఎక్కే పిల్లల్ని కూడా చూశాను, చీలమండ కదలని బూటుతో మ్యాట్ మీద పడితే ఆ దెబ్బంతా మోకాలికే.

ఫ్లిప్ కోసం మీకు దగ్గర్లోనే మంచి చోటు ఉంది. కాపర్ మౌంటెన్‌లో వుడ్‌వార్డ్ వాళ్ళ ఇండోర్ ట్రైనింగ్ హాల్, బార్న్ అంటారు, 2009 నుంచి నడుస్తోంది, లోపల ట్రాంపొలీన్లు, ఫోమ్ పిట్లు, జంప్ చేసి ఫోమ్‌లోకి దిగే ర్యాంపులు ఉన్నాయి. అక్కడ క్లాస్‌లో చేర్చు, ఓపెన్ సెషన్‌లో వదిలేయకు.

ఫ్రీమాంట్_కుర్రాడు

అక్కా, మీరంతా మరీ భయపెడుతున్నారేమో అనిపించి రాస్తున్నా. నేను కాలేజ్‌లో ఉన్నప్పుడు ఫ్రెండ్ వాళ్ళ పెరట్లో ట్రాంపొలీన్ మీదే బ్యాక్‌ఫ్లిప్ నేర్చుకున్నాను, వీడియోలు చూసి, మధ్యలో పరుపు వేసుకుని, వారం రోజుల్లో వచ్చేసింది, ఏమీ అవ్వలేదు. ఆ చలికాలం టాహోలో మంచు మీద కూడా వేశాను. ధైర్యం అనేది ఒకటి ఉండాలి కదా, ప్రతిదానికీ కోచ్, ఫోమ్ పిట్ అంటే డబ్బున్న పిల్లలే నేర్చుకోవాలా? నేను స్టూడెంట్‌గా ఉన్నప్పుడు క్యాంప్‌కి కట్టే డబ్బులు నా దగ్గర లేవు. పిల్లకి అంత ఇష్టం ఉంటే పెరట్లో మీరు పక్కన నిలబడి చేయించొచ్చు అని నా అభిప్రాయం.

బెజవాడ_జిమ్నాస్ట్

తమ్ముడూ, డబ్బు మాట నిజం, దానికి నా దగ్గర కూడా సరైన జవాబు లేదు, ఈ ఆటలో ఖర్చు చాలా మంది పిల్లల్ని బయటే ఆపేస్తోంది, నాకది బాధ. ఒక దారి ఏంటంటే ఫ్రీస్టైల్ క్యాంపులే కానక్కర్లేదు, మామూలు జిమ్నాస్టిక్స్ జిమ్‌లో ట్రాంపొలీన్ క్లాస్ చాలా తక్కువలో దొరుకుతుంది, ఫ్లిప్ మొదటి దశ నేర్పడానికి అదే బెస్ట్, స్కీ కోచ్ కంటే ట్రాంపొలీన్ కోచ్‌కి ఇది బాగా తెలుసు.

కానీ "నాకేమీ అవ్వలేదు" అన్నది లెక్కలోకి రాదు. మేం చిన్నప్పుడు కృష్ణా కాలవలో వంతెన మీద నుంచి పల్టీలు కొట్టేవాళ్ళం, నాకూ ఏమీ అవ్వలేదు, నాతో దూకిన ఒక స్నేహితుడు లోతు లేని చోట దూకి మెడకి దెబ్బ తగిలి మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. వాడు నాకంటే బాగా దూకేవాడు. తేడా వచ్చింది వాడి దగ్గర కాదు, కింద ఏముందో దానిలో.

ఫ్రీస్టైల్ వాళ్ళు చేసేదంతా ఆ కింద ఉన్నదాన్ని మార్చడమే. ముందు ట్రాంపొలీన్, ఫోమ్ పిట్, తర్వాత నీళ్ళు లేదా ఎయిర్‌బ్యాగ్, ఆఖరికి మంచు. మా దగ్గర పార్క్ సిటీలో 2002 ఒలింపిక్స్ కోసం కట్టిన యూటా ఒలింపిక్ పార్క్ ఉంది, జూలై ఎండలో వెళ్ళి చూడు, వెట్‌సూటూ లైఫ్ జాకెట్టూ వేసుకుని, నిజం స్కీలూ బూట్లూ తొడుక్కుని, తడిపిన ప్లాస్టిక్ ర్యాంప్ మీద నుంచి జారి మూడేసి మొగ్గలేసి కొలనులో పడుతుంటారు. కింద నుంచి గాలి బుడగలు వదులుతారు నీళ్ళు మెత్తబడడానికి, ఎందుకంటే అంత ఎత్తు నుంచి పడితే కదలని నీళ్ళు చప్టాలాగే తగులుతాయి, కాలవలో పొట్ట మీద పడ్డవాళ్ళకి ఆ సంగతి తెలుసు. ఏరియల్స్‌లో (ఒక్క జంప్ మీద నుంచి మొగ్గలు వేసే స్కీ పోటీ) ఒలింపిక్ స్థాయి వాళ్ళు కూడా కొత్త ట్రిక్‌ని నీళ్ళలో వందలసార్లు వేశాకే మంచు మీదకి తీసుకెళ్తారు.

ఆస్ట్రేలియా అమ్మాయి అలీసా క్యాంప్లిన్ కథ అందుకే నాకిష్టం. మెల్‌బోర్న్‌లో జిమ్నాస్ట్‌గా పెరిగింది, స్కీయింగ్ పెద్దయ్యాక నేర్చుకుంది, 2002లో ఇదే యూటాలో ఏరియల్స్ గోల్డ్ కొట్టింది. 2010లో గోల్డ్ తెచ్చిన లిడియా లసీలా కూడా జిమ్నాస్టే. గాల్లో ఉండడం ముందు నేర్చుకుని మంచు తర్వాత కలిపినవాళ్ళు. నాలాంటి పాత జిమ్నాస్ట్‌కి ఇది వింటే ఒళ్ళు పులకరిస్తుంది, మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ బ్రాంజ్ తెచ్చినప్పుడు ఎలా అనిపించిందో అలా.

ఫ్రీమాంట్_కుర్రాడు

అన్నా, జిమ్నాస్టిక్స్ జిమ్ ఐడియా నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు, చెప్పుంటే వెళ్ళేవాడిని. మీ ఫ్రెండ్ సంగతి చదివాక నా పోస్ట్‌లో "పెరట్లో చేయించొచ్చు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, ముఖ్యంగా 13 ఏళ్ళ పిల్లకి. ఒక్కటి మాత్రం నా అనుభవంలోంచి కలుపుతాను, టాహోలో మొదటిసారి మంచు మీద వేసినప్పుడు మీరు చెప్పిందే అయింది, ట్రాంపొలీన్ మీద విసిరినట్టు విసిరాను, ఎక్కువ తిరిగి స్కీల వెనక భాగం మీద దిగి వీపు మీద జారుకుంటూ పోయాను. ఆ రోజు మంచు మెత్తగా ఉంది కాబట్టి సరిపోయింది.

ఓరుగల్లు_పీటీ

తమ్మి, ఒప్పుకున్నందుకు మంచిగనిపించింది. అక్కా, కుడి మోకాలుకి రోజు పది నిమిషాలు, వారానికి అయిదు రోజులు. ఆరు వారాలకి మళ్ళ వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూడుండ్రి. అప్పటికి కూడ పడుతుంటే మీ దగ్గర ఉన్న పీటీకి ఒకసారి చూపియ్యుండ్రి, ఆన్‌లైన్‌ల నేను చెప్పుడు సరిపోదు. పాప అలిసిపోయినంక ఎగరనియ్యకుండ్రి, "ఇంకొక్కటి" అన్నప్పుడే దెబ్బలు తగుల్తయి. ఇరవై నిమిషాలు, తర్వాత దిగాలె.

తెనాలి_టు_డెన్వర్

ఏడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను, ఏమైందో చెప్పకపోతే బాగోదు కదా.

మా ఊళ్ళోనే జిమ్నాస్టిక్స్ జిమ్‌లో ట్రాంపొలీన్ క్లాస్‌లో చేర్చాం, వారానికి ఒకరోజు. కోచ్ మొదటి రోజే పదకొండో బౌన్స్ ఆపమని అడిగింది! పాప ఆపింది. అప్పటికే రెండు వారాలుగా ఇంట్లో చేస్తోంది కదా. కోచ్ ఆశ్చర్యపోయింది, పాప నా వైపు చూసిన చూపు తమ్ముడూ నీకు పంపించగలిగితే బాగుండేది. నాలుగో క్లాసులో నడుముకి బెల్టు కట్టి తాళ్ళతో పట్టుకుని బ్యాక్‌ఫ్లిప్ చేయించింది, తల విసరకుండా. ఇంకా బెల్టు లేకుండా చేయనివ్వలేదు, పాప కూడా అడగలేదు. ఆగస్టులో కాపర్‌లో మూడు రోజులు బుక్ చేశాం.

కుడి మోకాలు చాలా వరకు సర్దుకుంది, రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి చూశాం. ఇన్సూరెన్స్‌వాళ్ళు వల ఫోటోలు అడిగారు, పంపించాం. పాప ఫ్రెండ్స్ వచ్చినప్పుడు ఒక్కొక్కరే ఎక్కాలనే రూల్ పెట్టాం, ఒక అమ్మాయి అలిగి వెళ్ళిపోయింది, తర్వాత మళ్ళీ వచ్చింది.

రాని వైపు 360 ఇంకా పోరాడుతోంది. పాపకి కుడి వైపు రాదు. మొదటి రోజుల్లో ముప్పావు తిరిగి పక్కకి పడేది, ఇప్పుడు తిరుగుతోంది కానీ దిగాక ఒక అడుగు జరుగుతుంది. పందెం ఏంటంటే ప్లస్ గుర్తు మీద వరసగా ఇరవై దింపాలి, మధ్యలో ఒక్కటి జరిగినా మళ్ళీ ఒకటి నుంచి. లెక్క పెట్టేది ఎవరనుకున్నారు, మా అత్తయ్యగారు. తీసి పారేయమన్న మనిషి సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి కుర్చీ వేసుకుని ట్రాంపొలీన్ ముందు కూర్చుంటున్నారు, పాదం గీత దాటిందంటే అస్సలు ఒప్పుకోరు. చిన్నప్పుడు వాళ్ళ అన్నయ్యలు కాలవలో పల్టీలు కొడుతుంటే గట్టు మీద కూర్చుని ఎవరెన్ని కొట్టారో లెక్క పెట్టేది తనేనట, ఇన్నేళ్ళలో నాకు ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న పద్నాలుగు దాకా వచ్చింది. పదిహేనోది బొటనవేలు గీత మీద పడింది. పాప "నానమ్మా, అది లోపలే" అని బతిమాలింది. "బయటే తల్లీ, మళ్ళీ ఒకటి" అన్నారు ఆవిడ.